కుక్కకు మోగని సైరన్

ప్రభుత్వం మారి, తనకిచ్చిన గన్‌మ్యాన్‌ను వెనక్కి పిలిపించుకున్నప్పుడు బాలోబిరెడ్డి పడినంత బాధ కన్నతండ్రి పోయినప్పుడు కూడా పడలేదని అతని భార్య నిర్మలమ్మకు బాగా తెలుసు. తండ్రి దినాలు కాకముందే మండల మీటింగుకు పోయి దండ వేయించుకుని వచ్చిన మనిషి, గన్‌మ్యాన్ పోయాక మాత్రం వారం పాటు గడప దాటలేదు. పలకరించడానికి వచ్చిన వాళ్ళు కూడా చావు ఇంటికి వచ్చినట్టే గొంతులు తగ్గించి మాట్లాడారు. ప్రాణానికి భద్రత లేకుండా చేశారని అతను అందరితోనూ చెప్పుకున్నాడు. నిర్మలమ్మ వింటూ కాఫీలు అందించింది.

ఆ గన్‌మ్యాన్ చేసిన కాపలా ఏమిటో ఆమె కళ్ళారా చూసింది. పగలు వరండాలో తుపాకీ గోడకు ఆనించి నిద్రపోయేవాడు, సాయంత్రం మార్కెట్‌కు పోయి కూరగాయల సంచీ మోసుకొచ్చేవాడు. మంచి పిల్లోడు. అతను ఉన్నంతకాలం బాలోబిరెడ్డిని చంపడానికి ఎవరూ రాలేదు, పోయాక కూడా రాలేదు. తన భర్త చంపదగినంత మనిషి కాడని నిర్మలమ్మ ఎప్పుడో తేల్చుకుంది. అయితే ఆ మాట అతని ముందు అంటే కత్తితో పొడిచిన దానికంటే ఎక్కువ నొప్పి పడతాడని ఊరుకునేది.

బాలోబిరెడ్డిది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె. నాపరాళ్ళ గనుల కోసం, పంచాయతీ కుర్చీ కోసం అదే ఊరి సుంకిరెడ్డితో చాలా ఏండ్లు పగ నడిచింది. రెండు వైపులా మనుషులు పోయారు. పోయినవాళ్ళెవరూ రెడ్లు కారు. జీపుల ముందు సీట్లలో కూర్చున్నవాళ్ళు ఇద్దరూ చెక్కుచెదరకుండా ఉన్నారు, వెనక నిలబడినవాళ్ళు మాత్రం తగ్గుతూ వచ్చారు. పగ బాగా ముదిరినప్పుడు బాలోబిరెడ్డి ప్రొద్దుటూరులో మేడ కట్టుకుని భార్యతో, సామానుతో వచ్చేశాడు. అతని కోసం కొడవళ్ళు పట్టినవాళ్ళు మాత్రం పల్లెలోనే సుంకిరెడ్డి ఇంటికి కూతవేటు దూరంలో ఉండిపోయారు.

గన్‌మ్యాన్ లేని లోటు తీర్చుకోవడానికి అతనికి హైదరాబాదులో ఒక దారి దొరికింది. అక్కడ ఒక కాంట్రాక్టరు ఇంట్లో దొంగల అలారం చూశాడు. గోడ మూలల్లో తెల్లటి చిన్న పెట్టెలు. వాటి ముందు మనిషి కదిలితే ఒంటి వేడిని పసిగట్టి సైరన్ మోగిస్తాయి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వాళ్ళకు కూడా అప్పటికి అది లేదు. అదే అతనికి బాగా నచ్చిన సంగతి. బెంగళూరు నుంచి మనిషిని పిలిపించి హాలులో, వరండా గదిలో, మేడమెట్ల దగ్గర పెట్టించాడు. రిమోట్‌ను జేబులో పార్టీ గుర్తు ఉన్న పెన్ను పక్కన పెట్టుకున్నాడు.

అది మొదటిసారి మోగింది ఒక మిట్టమధ్యాహ్నం. అన్నం తిని, హాలుకు అలారం పెట్టి, పడకగదిలో నడుం వాల్చారు. కన్ను అంటుకునేసరికి ఇల్లు పగిలేట్టు సైరన్ లేచింది. నిర్మలమ్మ లేచి చూసేసరికి పక్కన మొగుడు లేడు. బాత్రూం తలుపుకు లోపల గడియ పడిన చప్పుడు వినబడింది. తలుపు తట్టి, తనను కూడా రానిమ్మని అడిగింది. లోపలి నుంచి ఊపిరి చప్పుడు మాత్రం వినబడింది. ఆమె తానే హాలులోకి నడిచింది. అక్కడ వాళ్ళ డాబర్‌మన్ సుల్తాన్ తోక కాళ్ళ మధ్య ఇరికించుకుని, నాపరాళ్ళ నేల మీద ఉచ్చ పోసుకుని వణుకుతోంది. వంటింట్లోంచి హాలులోకి రావడమే అది చేసిన నేరం. ఎదురింటి ఖమర్‌బీ గోడ మీదుగా తల ఎత్తి, ఎవరొచ్చారమ్మా అని అడిగింది. ఎవరూ లేరు, మా కుక్క, అని నిర్మలమ్మ చెప్పింది. బాలోబిరెడ్డి బయటికి వచ్చాక కడుపులో బాగాలేక బాత్రూంకు పోయానన్నాడు. ఆమె అడగలేదు, అయినా చెప్పాడు. ఆ పొద్దు నుంచి అతను మాట్లాడే ప్రతి మాట వెనకా ఆమెకు ఆ గడియ చప్పుడు వినబడేది.

ఆ తర్వాత సుల్తాన్ రోజుకు రెండుసార్లయినా సైరన్ మోగించింది. పిల్లులు మోగించాయి. వీధివాళ్ళు మొదట్లో పరుగున వచ్చి, తర్వాత కిటికీలు వేసుకున్నారు. కుక్కను బయట కట్టేసుకోండని బెంగళూరు మనిషి ఫోన్లో చెప్పాడు. నలభై వేలు పెట్టి కొన్న కుక్కను పెరట్లో కట్టేస్తే వచ్చేవాళ్ళకు కనిపించేది ఎట్లా? బాలోబిరెడ్డికి ఆ సలహా నచ్చలేదు. చివరికి ఆ మనిషే మళ్ళీ వచ్చి పాత పెట్టెలు తీసి, ఇంట్లో జంతువులు ఉండేవాళ్ళ కోసం చేసిన కొత్తరకం పెట్టెలు బిగించాడు. వీటికి నేల దగ్గర తిరిగే చిన్న ప్రాణి లెక్కలోకి రాదు. సుల్తాన్ అంత బరువు దాకా వదిలేస్తాయి, దాన్ని దాటి నిలువెత్తు మనిషి కదిలితే పట్టుకుంటాయి. కుక్క సోఫాలు, బల్లలు ఎక్కకుండా చూసుకోమని, పూర్తిగా నమ్ముకోవడానికి ఇది కాపలా మనిషి కాదని కూడా అతను చెప్పాడు. బాలోబిరెడ్డి మొదటి సగమే విన్నాడు. దీనికి కుక్క ఎవరో మనిషి ఎవరో తెలుసు అని ఆ వారమంతా కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజీ మాట లేచింది.

ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. బాలోబిరెడ్డి ఉన్న పార్టీలోకే సుంకిరెడ్డి వస్తానన్నాడు. ఇద్దరినీ కలపమని పైనుంచి చెప్పారు. కలిపే పని నిర్మలమ్మ అన్న నారాయణకు పడింది. వాళ్ళ పుట్టినూరు లింగాల. నారాయణ పులివెందులలో కాపురముండి, చీనీబత్తాయి తోటలు, అరటితోటలు, రోడ్డు కాంట్రాక్టులు చూసుకునేవాడు. మనుషుల మధ్య తిరిగి మాట కుదర్చడంలో దిట్ట అని పేరు. ఆ దిట్టతనం ఏమిటో నిర్మలమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇద్దరు కొట్టుకుంటే అక్కడ లేని మూడోవాణ్ణి పట్టుకుని తప్పు వాడిదని తేల్చేవాడు.

ఒకరి మీద ఒకరు పెట్టిన కేసులు కోర్టులో ఉన్నాయి. సుంకిరెడ్డి మనిషి ఒకణ్ణి గని దగ్గర నరికిన కేసులో బాలోబిరెడ్డి మొదటి ముద్దాయి. సుంకిరెడ్డి మీద ఇంకో కేసు. సాక్షులు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నారు కాబట్టి, కోర్టులో మేము గుర్తుపట్టలేమని చెప్పిస్తే ఇద్దరూ బయటపడతారు. అయితే అందరినీ వదిలేస్తే కోర్టుకు అనుమానం వస్తుందని, పేపర్లవాళ్ళు రాస్తారని, చిన్నవాళ్ళు ఒకరిద్దరు లోపల ఉండడమే మంచిదని నారాయణ అన్నాడు. అట్లా లోపల ఉండడానికి బాలోబిరెడ్డి వైపు నుంచి తేలినవాడు పాలయ్య.

పాలయ్య అన్న దేవదానం ఒకరోజు పెరటి వాకిలి దగ్గరికి వచ్చాడు. జమ్మలమడుగు పాలెంలో చర్చి పక్కన వాళ్ళ ఇల్లు. వాళ్ళ తాతల నాడే మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబం. దేవదానానికి రెండు కాళ్ళూ తొడల దగ్గరి నుంచి లేవు. ఒకప్పుడు గనిలో రాయి పగలగొట్టడంలో అతని చేతివాటానికి పేరు. పేలుడు మందు సంగతి తెలిసినవాడని బాలోబిరెడ్డి బాంబులు చుట్టడానికి పెట్టుకున్నాడు. ఒకరోజు చుడుతుండగా పేలింది. కడప ఆసుపత్రిలో, గనిలో ప్రమాదమని చెప్పించారు. బాలోబిరెడ్డి ఒకసారి వెళ్ళి చూసి బత్తాయిలు ఇచ్చి వచ్చాడు, అంతే. ఇప్పుడు అతను తొడలకు టైరు ముక్క కట్టుకుని, రెండు చేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని, నేల మీద చేతులు మోపి ఒళ్ళు ముందుకు ఊపుకుంటూ కదులుతాడు. ప్రొద్దుటూరు బస్సులో కండక్టరే ఎత్తి కూర్చోబెట్టి, ఎత్తి దించాడట.

తన కోసం అతను ఏమీ అడగలేదు. పాలయ్య సంగతి చెప్పాడు. ఆ నరికిన రోజు పాలయ్య మైదుకూరులో వరికోతలకు పోయి ఉన్నాడని ఊరంతటికీ తెలుసు. దేవదానం తమ్ముడు కాబట్టి సుంకిరెడ్డి వైపు వాళ్ళు అతని పేరు చేర్చారు. జామీను నిలబడేవాళ్ళు లేక అప్పటి నుంచీ కడప జైల్లోనే ఉన్నాడు. రాజీలో అతని పేరు కూడా చేర్చి, అతన్ని కూడా గుర్తుపట్టలేదని సాక్షికి ఒక మాట చెప్పిస్తే చాలునన్నాడు. నిర్మలమ్మ అన్నం పెట్టి, చెబుతానని పంపింది.

ఆమె చెప్పింది. బాలోబిరెడ్డి గడ్డం గీసుకుంటూ విని, రాజీ అంటే ఊరందరికీ పంచే ప్రసాదం కాదన్నాడు. అన్నకు ఫోన్ చేస్తే, ఆడోళ్ళు ఇట్లాంటి వాటిల్లో పడకూడదని, బయటికొచ్చాక పాలయ్యకు యాడన్నా వాచ్‌మ్యాన్ పని చూద్దామని అన్నాడు. ఎప్పుడు వస్తాడో తెలియనివాడికి ముందే ఉద్యోగం చూసిపెట్టిన ఆ దయకు జవాబుగా ఆమె ఫోన్ పెట్టేసింది. దేవదానం మళ్ళీ వచ్చినప్పుడు, ఫలానా శుక్రవారం రమ్మని, ఆ రోజు ఇద్దరు రెడ్లూ ఒకే గదిలో ఉంటారని, నువ్వే అడుగు అని చెప్పింది.

ఆ శుక్రవారం రాజీ భోజనం. పగ తీరిందనడానికి ఆ సీమలో కాగితాలు అక్కర్లేదు. ఒకరి ఇంట్లో ఒకరు కూర్చుని తినాలి, అది నలుగురూ చూడాలి. తినేటప్పుడు ఫోటో తీయడానికి ఇద్దరు విలేకరులను మధ్యాహ్నానికి రమ్మన్నారు. నిర్మలమ్మ తెల్లవారుజాము నుంచి వంటింట్లో ఉంది. నాటుకోడి పులుసు, వేటమాంసం, రాగిసంగటి, తీపికి ఓళిగలు. నారాయణ పులివెందుల నుంచి అరటిగెలలు, చీనీకాయల బుట్టలు కారులో వేసుకొచ్చాడు. సుంకిరెడ్డి రెండు సుమోల నిండా మనుషులతో దిగాడు. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఒకరినొకరు నరికించాలని చూసిన ఇద్దరూ కౌగిలించుకుని, నీకు షుగర్ ఎంతుండాది అంటే నీకు ఎంతుండాది అని పరామర్శించుకున్నారు. వాళ్ళ కోసం చచ్చినవాళ్ళ పేర్లు ఆ రోజంతా ఒక్కరి నోట కూడా రాలేదు.

వరండా గదిలో కూర్చుని కాఫీలు తాగాక బాలోబిరెడ్డి ఉండబట్టలేక అలారం సంగతి ఎత్తాడు. వరండా గదికీ వంటింటికీ మధ్య పొడుగాటి హాలు ఉంది. హాలులోని వాళ్ళందరినీ ఇవతలికి పిలిచి, గడప దగ్గర నిలబడి రిమోట్ నొక్కాడు. మూల నున్న పెట్టెలో ఎర్రదీపం వెలిగి ఆరింది. వంటింటి వైపు నుంచి సుల్తాన్‌ను పిలిచాడు. కుక్క హాలంతా నడిచి వచ్చి అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏ చప్పుడూ లేదు. తర్వాత తన మనుషుల్లో ఒకణ్ణి హాలులోకి పొమ్మన్నాడు. వాడు రెండు అడుగులు వేయగానే సైరన్ అరిచింది. సుంకిరెడ్డి చెవులు మూసుకుని నవ్వాడు. నారాయణ చప్పట్లు కొట్టాడు. ముసలివయసుకు వస్తున్న ముగ్గురు మగవాళ్ళు చిన్నపిల్లోళ్ళ బొమ్మ చుట్టూ మూగినట్టు మూగడం నిర్మలమ్మ వంటింటి వాకిట్లోంచి చూసింది. బాలోబిరెడ్డి సైరన్ ఆపి, మళ్ళీ అలారం పెట్టి, ఇంక చీమ కూడా రావడానికి లేదని చెబుతున్నాడు.

అప్పుడే పెరటి గడప మీద రబ్బరు చెప్పులు తప్పుమన్న చప్పుడైంది. దేవదానం వచ్చాడు. తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. నిర్మలమ్మ హాలు వైపు చెయ్యి చూపింది. అతను అడుగు పెట్టగానే సైరన్ మోగుతుందని, అందరూ ఉలిక్కిపడి ఇటు తిరుగుతారని ఆమెకు తెలుసు. తిరగనీ అనుకుంది. ఆ ఒక్క మనిషి కోసం ఇల్లంతా అదిరిపోతే వినాలని ఆమెకు నిజంగానే ఉండింది.

సైరన్ మోగలేదు.

దేవదానం చేతులు మోపి, ఒళ్ళు ఊపి, చేతులు మోపి, ఒళ్ళు ఊపి, హాలంతా దాటుకుంటూ పోయాడు. నేల మీద చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గడప దగ్గరున్నవాళ్ళు మొదట అతన్ని చూశారు, తర్వాత మూలనున్న పెట్టెను చూశారు, మళ్ళీ అతన్ని చూశారు. ముందు అర్థమైంది సుంకిరెడ్డికి.

"ఏమప్పా బాలోబీ, నీ మిషన్ లెక్కలో ఈయప్ప గూడా కుక్క కిందికే వచ్చె గదా" అన్నాడు.

సుమోల్లో వచ్చినవాళ్ళు ఫక్కున నవ్వారు. బాలోబిరెడ్డి మొహం ఎర్రబడింది. కోపం దేవదానం మీదో, నవ్వినవాళ్ళ మీదో కాదు, బెంగళూరు వాడి మీద. ఇంత దుడ్లు తీసుకుని మోసం చేశాడని అప్పటికప్పుడే సెల్‌ఫోన్ తీసి అతని నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. ఎదురుగా నేల మీద ఉన్నది ఎవరో, ఆ కాళ్ళు ఎవరి పనిలో పోయాయో తెలిసిన మనిషి, వాణ్ణి వదిలేసి పెట్టె చెడిపోయిందని ఫోన్ చేస్తున్నాడు.

దేవదానం ఆ నవ్వులు ఆగేదాకా ఆగాడు.

"నన్ను మనిషి లెక్కలో ఏసుకుంటాదో కుక్క లెక్కలో ఏసుకుంటాదో మీ మిషన్ ఇష్టం రెడ్డీ. నేను దానికోసం రాలే. రాజీలో మా పాలయ్య పేరు గూడా పెట్టండి. వాడు ఆ పొద్దు ఊళ్ళోనే ల్యా. మీకూ తెలుసు, ఈ రెడ్డికీ తెలుసు."

సుంకిరెడ్డి కుతూహలంగా వంగి చూసి, నువ్వెవరప్పా అని అడిగాడు. గుర్తుపట్టలేదు.

"దేవదానాన్ని. నీ జీపు మీద ఏసేదానికి చుడుతాండగా పేలింది నా తొడల మీదనే."

ఆ బాంబులు సుంకిరెడ్డి కోసం కాదని, గనిలో రాళ్ళ కోసమేనని బాలోబిరెడ్డి అంతకు ముందు వారమే నారాయణ చేత అతనికి ఒట్టేసి చెప్పించాడు. సుంకిరెడ్డి తల తిప్పి బాలోబిరెడ్డిని చూశాడు. బాలోబిరెడ్డి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, వీనికి మతి సరిగా లేదు, ఎవడ్రా లోపలికి రానిచ్చింది, ఎత్తి బయట పడేయండి అన్నాడు. ఇద్దరు మనుషులు ముందుకు వంగారు.

నిర్మలమ్మ గరిటె పక్కన పెట్టి హాలులోకి నడిచింది.

సైరన్ లేచింది. బాలోబిరెడ్డి ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో రిమోట్ పెట్టుకుని ఏ గుండీ నొక్కాలో తెలియక అన్నీ నొక్కాడు. అది అరుస్తూనే ఉంది. ఆ అరుపుల్లోనే ఆమె తొందరపడకుండా నడిచి వచ్చి దేవదానం పక్కన నిలబడింది. ఎత్తడానికి వంగినవాళ్ళు వెనక్కి తగ్గారు.

"పొయ్యి మీద అన్నీ అయినాయి" అంది సైరన్ ఆగాక. "పాలయ్య సంగతి తేలేదాకా ఈ ఇంట్లో ఒక్క మెతుకు వడ్డించేది ల్యా."

నారాయణ నవ్వు మొహంతోనే దగ్గరికి వచ్చి మెల్లగా, "అమ్మీ, లోపలికి పో. నేను మాట్లాడతా గదా" అన్నాడు.

"నువ్వు మాట్లాడింది ఫోన్లో విన్నా అన్నా. ఫోటోలోళ్ళు వస్తాండారు. ఆకులు ఖాళీగా ఉంటే, తినకుండానే లేచిపోయినారంట, రాజీ చెడిపోయిందంట అని పొద్దు గుంకే లోపల జమ్మలమడుగంతా పాకుతాది. అప్పుడు మీ పార్టీకి ఏమి చెప్పుకుంటారో చెప్పుకోండి."

బాలోబిరెడ్డి ఆమెను తిట్టడానికి నోరు తెరిచాడు. పరాయివాళ్ళ ముందు ఏ మాట అనాలో తట్టక తెరిచిన నోరు అట్లాగే ఉంచాడు. బాత్రూం తలుపు తెరుచుకుని బయటికి వచ్చినప్పుడు కూడా అతని మొహం ఇట్లాగే ఉండింది. అతని మీద ఆమెకు ఇంకా మిగిలి ఉందనుకున్న భయం, వెతికి చూసుకున్నా దొరకలేదు.

తేల్చింది సుంకిరెడ్డి. అది న్యాయం తోచి కాదని నిర్మలమ్మ తర్వాత ఎవరు అడిగినా చెప్పింది. కోడిపులుసు వాసన వస్తోంది, టాబ్లెట్ వేసుకునే వేళ దాటుతోంది, బాలోబిరెడ్డి పెళ్ళాం చేతిలో బాలోబిరెడ్డి పరువు పోవడం చూడముచ్చటగా ఉంది. అతను సెల్‌ఫోన్ తీసి పల్లెలోని తన సాక్షికి చేశాడు.

"ఏమప్పా, కోర్టులో పాలయ్యను గూడా గుర్తుపట్టలేదని చెప్పు. ఏ పాలయ్యనా? కాళ్ళు లేనోని తమ్ముడు. ఆఁ. అంతే."

ఫోన్ జేబులో పెట్టుకుని, అయిపోయిందమ్మా, ఇంక కోడి పెట్టు అన్నాడు. ఇన్నాళ్ళు ఒక మనిషి గోడల మధ్య కుళ్ళింది, ఇంత సేపట్లో తీరిపోయే పని కోసం. చెయ్యి కడుక్కోవడానికి పట్టేంత సేపు కూడా పట్టలేదు. నారాయణ అప్పుడే ఆ మాట తనే కుదిర్చినట్టు అందరి వైపూ చూసి తల ఊపుతున్నాడు.

ఆమె మాట ప్రకారం వడ్డించింది. ఫోటోలు తీశారు. దేవదానానికి కూడా ఆకు వేయబోతే, బస్సు టైమైందని వద్దన్నాడు. వచ్చిన దారినే హాలు దాటి పోయాడు. అలారం అప్పటికే ఆపేసి ఉంది.

మరుసటి రోజు పేపర్లో ఇద్దరు రెడ్లూ ఒకరి నోట్లో ఒకరు ఓళిగ పెట్టుకుంటున్న బొమ్మ వచ్చింది. బాలోబిరెడ్డి దాన్ని పటం కట్టించాడు. నిర్మలమ్మతో మాత్రం నెల రోజులు మాట్లాడలేదు. ఆమెకు ఆ నెల ఇల్లు విశాలమైనట్టు అనిపించింది. బెంగళూరు మనిషి మళ్ళీ వచ్చాడు. పాకుతూ వచ్చేవాణ్ణి కూడా పట్టుకోవాలంటే కుక్కను బయట ఉంచాల్సిందే, రెండూ కుదరవు అని చెప్పాడు. బాలోబిరెడ్డి చాలాసేపు ఆలోచించి కుక్కనే ఉంచుకున్నాడు. ఎన్నికల్లో టికెట్ ఇద్దరికీ రాలేదు. కడప నుంచి వచ్చిన ఒక సారా కాంట్రాక్టరుకు ఇచ్చారు. ఇద్దరూ ఒకే జీపులో అతని వెనక నిలబడి ఊరూరూ తిరిగి చేతులు ఊపారు. జీపులో వెనక నిలబడడం వాళ్ళిద్దరికీ అదే మొదటిసారి.

కేసు కొట్టేశారు. పాలయ్య బయటికి వచ్చాడు.

ఎండలు ముదిరిన తర్వాత జమ్మలమడుగులో ఒక పెండ్లికి పోతూ నిర్మలమ్మ కారును పాలెం వైపు తిప్పించింది. ఒక అరటిగెల, పాలయ్యకు ఒక చొక్కాగుడ్డ తీసుకుంది. కృతజ్ఞత కోసం పోలేదని తనకు తాను చెప్పుకుంది గానీ, దారి పొడుగునా వాళ్ళు ఏమంటారో, తాను ఏమనాలో అనుకుంటూనే వచ్చింది. దేవదానం చర్చికి పోయాడు. పాలయ్య యర్రగుంట్లలో సిమెంటు మూటల పనికి పోయాడు. ఇంటి ముందు దేవదానం భార్య దీవెనమ్మ చాటలో కందులు చెరుగుతోంది. లేవలేదు. కూర్చోమనలేదు.

నిర్మలమ్మే పాలయ్య బాగుండాడా అని అడిగింది. ఉండాడని దీవెనమ్మ అంది. అరటిగెలను డ్రైవరు గోడ దగ్గర పెట్టాడు. దీవెనమ్మ దాని వైపు చూడలేదు.

"నువ్వు ఒక్క పూట వడ్డించనంటే మావోడు బయటికొచ్చె గదమ్మా" అంది చెరగడం ఆపకుండా. "అంటే ఎప్పుడైనా రాగలిగిండేవాడే."

నాకు అప్పుడు తెలీదు దీవెనమ్మా అని నిర్మలమ్మ అంది.

"ఏమి తెలీదు? గని కాడ గుడిసెలో బాంబులు చుట్టినన్నాళ్ళూ మా ఆయప్పకు సంగటి క్యారియరు మీ ఇంటి నుంచే వచ్చె. కట్టింది ఎవురు? నువ్వే గదా. కారం శానా తక్కువేసిందని చెప్తాండె." ఆమె గొంతులో కోపం లేదు. తన మొగుడి గురించి తాను ఆలోచించేటప్పుడు తన మనసులో వినబడే గొంతు అదేనని నిర్మలమ్మ గుర్తుపట్టింది. అది తన వైపు తిరిగి ఉండడం ఆమె ఎప్పుడూ వినలేదు. దీవెనమ్మ చాట దించి, పొల్లు ఊది, ఎండగా ఉండాది, కార్లోకి పో అమ్మా అంది.

పెండ్లి నుంచి ఇంటికి వచ్చాక నిర్మలమ్మ, ఇకమీదట పార్టీవాళ్ళకు తాను వండనని, ఎవరికీ క్యారియరు కట్టనని బాలోబిరెడ్డికి చెప్పింది. అతను గొడవ పడతాడని, అన్నను పిలిపిస్తాడని, నలుగురూ అడుగుతారని ఆమె సిద్ధపడే ఉంది. అతను సరేనన్నాడు. మసీదు వీధి నుంచి అజ్మత్ బీ అనే ఆమెను కూలికి పెట్టాడు. ఆమె బిర్యానీ బాగా చేసేది. ఆ ఆదివారం సుంకిరెడ్డి, నారాయణ, ఇంకో పదిమంది వచ్చి తిన్నారు. నిర్మలమ్మ పైగదిలో కూర్చుని వింది. బిర్యానీ చాలా బాగుందని అందరూ అన్నారు. రెండోసారి కూడా పెట్టించుకున్నారు. నిర్మలమ్మ ఏదని ఒక్కరూ అడగలేదు.